బ్రెజిల్ డిజిటల్ టీవీ: పరీక్షలు తేల్చింది కొంత, బేరం తేల్చింది కొంత

2006 జూన్ 29న బ్రెజిల్ అధ్యక్షుడు లూలా 5820 నంబరు డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) మీద సంతకం పెట్టారు. జపాన్ తయారుచేసిన డిజిటల్ టీవీ ప్రసార స్టాండర్డ్ ఐఎస్‌డీబీ-టీని పునాదిగా తీసుకుంటాం, దానికి మా మార్పులు మేం చేర్చుకుంటాం, పదేళ్లలో పాత అనలాగ్ ప్రసారం ఆపేస్తాం అన్నది దాని సారాంశం. అప్పటికి జపాన్ బయట ఆ స్టాండర్డ్ తీసుకున్న దేశం ఒక్కటి కూడా లేదు. యూరప్‌వాళ్ల డీవీబీ-టీ చాలా దేశాల్లో నడుస్తోంది, డిజిటల్ సిగ్నల్‌ని మామూలు టీవీకి అందించే సెట్‌టాప్ బాక్సులు చౌకగా దొరుకుతున్నాయి. అమెరికా స్టాండర్డ్ ఏటీఎస్‌సీ వెనక ఆ దేశంతో పాటు కెనడా, మెక్సికో, దక్షిణ కొరియా ఉన్నాయి. అంతమంది నడుస్తున్న రెండు దారులూ వదిలేసి బ్రెజిల్ ఒంటరి దారిలోకి ఎందుకు వెళ్లినట్టు?

ట్రాన్స్‌మిషన్ ఇంజనీర్లకు క్లాస్ చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఈ కేసే తీసుకుంటాను. "మూడింట్లో ఏది బెస్ట్ సార్?" అని మొదటి గంటలోనే అడుగుతారు. మాడ్యులేషన్ (సమాచారాన్ని రేడియో తరంగం మీదకు ఎక్కించే పద్ధతి) టేబుళ్లు ముందు పెట్టుకుంటే జవాబు వచ్చేస్తుందని వాళ్ల నమ్మకం. బ్రెజిల్‌లో ఆ టేబుళ్లు నిజంగానే పనికొచ్చాయి, కాకపోతే సగం దూరమే. మిగతా సగాన్ని రెండు ప్రశ్నలు నడిపించాయి: ఛానల్ ఎవరి చేతిలో ఉండాలి, పేదవాడి ఇంటికి బాక్స్ ఎవరు కొనిపెట్టాలి. మొదటిదానికి జవాబు 2006కే వచ్చేసింది. రెండోదానికి 2014 దాకా రాలేదు.

ఎక్కడ మొదలైంది

బ్రెజిల్‌లో టీవీ అంటే యాంటెన్నా టీవీయే. మన దగ్గర 1990ల్లో వీధివీధికీ కేబుల్ వచ్చి డాబాల మీద యాంటెన్నాలు దించేసింది. అక్కడ అలా జరగలేదు. గ్లోబో, ఎస్‌బీటీ, రికార్డ్, బాండెయిరాంచెస్ లాంటి ఉచిత నెట్‌వర్క్‌లే దేశాన్ని ఏలాయి. డబ్బు కట్టి చూసే టీవీ 2000ల మొదట్లో కొద్ది ఇళ్లకే పరిమితం. పైగా చాలా ఇళ్లలో ఉన్నది డాబా మీద యాంటెన్నా కూడా కాదు, టీవీ మీద పెట్టుకునే రెండు కడ్డీల యాంటెన్నా. సావో పాలో లాంటి ఊళ్లో, ఇరవై అంతస్తుల బిల్డింగుల మధ్య, కిటికీ దగ్గర పెట్టిన కడ్డీలకు సిగ్నల్ అందాలి. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగిన సాంకేతిక వాదనలో సగం అర్థమవుతుంది.

రెండో విషయం పాత అనుభవం. బ్రెజిల్ అనలాగ్ ఛానల్ 6 మెగాహెర్ట్జ్, అమెరికా పద్ధతి. 525 గీతలు, 60 హెర్ట్జ్. 1972లో కలర్ టీవీ మొదలుపెట్టేటప్పుడు మాత్రం అమెరికా ఎన్‌టీఎస్‌సీ కలర్ వద్దని, యూరప్ పాల్ కలర్‌ని ఆ 525 గీతల మీద అతికించి పాల్-ఎం అని తయారుచేసుకున్నారు. బొమ్మ బాగానే ఉంది. కానీ అమెరికా నుంచి తెచ్చిన వీసీఆర్ పెడితే బ్లాక్ అండ్ వైట్ వచ్చేది, దాన్ని మార్పించుకోవడానికి మళ్లీ రిపేర్ షాపుకి వెళ్లాలి. అమెజాన్ అడవి మధ్యలో మనౌస్ ఫ్రీ ట్రేడ్ జోన్‌లో టీవీలు బిగించే ఫ్యాక్టరీలకు అది రక్షణ గోడ అయింది. ఆ గోడకు అయిన ఖర్చు మాత్రం కొనేవాడు కట్టాడు. సొంత రకం స్టాండర్డ్ అంటే ఏమవుతుందో బ్రెజిల్ ఇంజనీర్లకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

మెకెంజీ పరీక్షలు

1994లోనే బ్రెజిల్ టీవీ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఈటీ, బ్రాడ్‌కాస్టర్ల సంఘం ఆబెర్ట్ కలిసి డిజిటల్ మీద స్టడీ గ్రూప్ పెట్టుకున్నాయి. తర్వాత టెలికాం రెగ్యులేటర్ అనటెల్ రంగంలోకి దిగింది. 1999, 2000ల్లో సావో పాలోలోని మెకెంజీ యూనివర్సిటీ ల్యాబ్‌లోనూ, నగరం వీధుల్లోనూ మూడు వ్యవస్థలనూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇంత పని చేసినవాళ్లు చాలా తక్కువ. మిగతా చాలాచోట్ల అమ్మేవాడి డెమో చూసి, విమానం టికెట్లు అవీ పుచ్చుకుని, నిర్ణయం తీసేసుకుంటారు.

ఏటీఎస్‌సీ అప్పటి మాడ్యులేషన్ 8-వీఎస్‌బీ ఒకే క్యారియర్ (సమాచారాన్ని మోసే తరంగం) మీద నడుస్తుంది. శుభ్రమైన సిగ్నల్ ఉన్న చోట అది చాలా బలమైనది. క్యారియర్ టు నాయిస్, అంటే నాయిస్ కన్నా సిగ్నల్ ఎంత బలంగా ఉందన్న కొలత, 15 డెసిబెల్ చుట్టుపక్కల ఉంటే చాలు, బొమ్మ నిలబడుతుంది. అదే స్థాయి బిట్ రేట్‌కి డీవీబీ-టీకి, ఐఎస్‌డీబీ-టీకి మరో మూడు, నాలుగు డెసిబెల్ కావాలి. అంటే కాగితం మీద ఏటీఎస్‌సీ ట్రాన్స్‌మిటర్ ఎక్కువ దూరం కొడుతుంది. ఇంకో లాభం, ట్రాన్స్‌మిటర్ వైపు కరెంటు బిల్లు. వేల క్యారియర్లు ఒకేసారి పైకి లేచినప్పుడు వచ్చే పీక్‌ని తట్టుకోవడానికి మిగతా రెండింటిలోనూ యాంప్లిఫయర్‌ని వెనక్కి తగ్గించి నడపాలి. నెలనెలా బిల్లు కట్టే స్టేషన్ ఇంజనీర్‌కి ఇది చిన్న మాట కాదు.

కిటికీ దగ్గరి కడ్డీల దగ్గరకు వచ్చేసరికి కథ తిరగబడింది. ఒకే సిగ్నల్ నేరుగా ఒకసారి, ఎదురు బిల్డింగ్‌కి తగిలి ఇంకోసారి, వెనక గోడకు తగిలి మరోసారి వస్తుంది. అనలాగ్ రోజుల్లో డాబా మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి "ఇప్పుడు డబుల్ బొమ్మ వస్తోంది, ఇంకొంచెం తిప్పు" అని అరిచినవాళ్లకు ఆ ప్రతిధ్వని ఏమిటో తెలుసు. అనలాగ్‌లో రెండు బొమ్మలు కనిపించేవి. డిజిటల్‌లో అయితే అసలు బొమ్మే ఉండదు. 8-వీఎస్‌బీ రిసీవర్‌లోని ఈక్వలైజర్ ఈ ప్రతిధ్వనులను లెక్కకట్టి తీసేయాలి. ఆనాటి చిప్‌లకు బలమైన ప్రతిధ్వని వచ్చిందంటే అది చేతనయ్యేది కాదు. మిగతా రెండూ వాడే సీఓఎఫ్‌డీఎంలో సమాచారాన్ని వేల సన్నటి క్యారియర్ల మీద మెల్లగా పంపి, ప్రతి సింబల్ (ఒక్క విడతలో పంపే సమాచారం) ముందు గార్డ్ ఇంటర్వెల్ అని కొంత సమయం అదనంగా కలుపుతారు. ఐఎస్‌డీబీ-టీ మోడ్ 3లో సింబల్ 1008 మైక్రోసెకన్లు. గార్డ్ అందులో ఎనిమిదో వంతు (1/8) అనుకుంటే 126 మైక్రోసెకన్లు. ఆ సమయంలో రేడియో తరంగం దాదాపు 38 కిలోమీటర్లు వెళుతుంది. అంత ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వనికైనా చోటుంది.

ఇక డీవీబీ-టీ, ఐఎస్‌డీబీ-టీ మధ్య తేడా తేల్చింది ఇంట్లో పుట్టే ఎలక్ట్రికల్ నాయిస్. మిక్సీ తిప్పినా, వీధిలో పాత మోటారుబైకు స్టార్ట్ చేసినా, కరెంటు లైన్ మీద స్పార్క్ వచ్చినా కొన్ని మైక్రోసెకన్ల పాటు నాయిస్ దూకుతుంది. డీవీబీ-టీలో టైమ్ ఇంటర్‌లీవింగ్ లేదు కాబట్టి ఆ దెబ్బ ఒకేచోట పడి ఎర్రర్ కరెక్షన్ చేతులెత్తేస్తుంది. ఐఎస్‌డీబీ-టీలో బిట్లను ముందే కాలంలో అటూ ఇటూ చెదరగొట్టి పంపుతారు. దెబ్బ తగిలినా చెదిరిపోయి చిన్న చిన్న గాయాలుగా మారుతుంది. పల్లెల్లో, తక్కువ ఫ్రీక్వెన్సీల వీహెచ్ఎఫ్ బ్యాండ్‌లో, వైరింగ్ సరిగా లేని ఇళ్లలో ఇది చాలా పెద్ద తేడా. మన ఊళ్లలో ఫీల్డ్ మీటర్ పట్టుకుని తిరిగిన ఎవరైనా ఈ మాట ఒప్పుకుంటారు.

2000లో వచ్చిన నివేదిక ఏటీఎస్‌సీని పక్కన పెట్టింది. సీఓఎఫ్‌డీఎం కావాలంది, అందులోనూ ఐఎస్‌డీబీ-టీ ముందుందని చెప్పింది. అమెరికా వర్గం అభ్యంతరం చెప్పింది: మీరు పరీక్షించినవి పాత రిసీవర్లు, కొత్తవి వస్తున్నాయి అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. తర్వాత నాలుగేళ్లలో 8-వీఎస్‌బీ చిప్‌లు చాలా మెరుగయ్యాయి కూడా. అయినా, రాబోయే చిప్‌ని నమ్మి దేశాన్ని పందెం కాయడం రెగ్యులేటర్ చేయాల్సిన పని కాదని నా అభిప్రాయం. పక్కనే ఉన్న అర్జెంటీనా 1998లోనే, ఇలాంటి పరీక్షలేవీ లేకుండా, ఏటీఎస్‌సీ ప్రకటించేసింది. పదకొండేళ్ల తర్వాత ఆ నిర్ణయాన్ని మార్చుకోవాల్సి వచ్చింది.

సొంత స్టాండర్డ్ ఆశ

పరీక్షలయ్యాక వెంటనే నిర్ణయం రాలేదు. ప్రభుత్వం మారింది. లూలా వచ్చాక 2003 నవంబరులో 4901 డిక్రీతో బ్రెజిల్ డిజిటల్ టీవీ వ్యవస్థ, క్లుప్తంగా ఎస్‌బీటీవీడీ, అన్న కార్యక్రమం మొదలైంది. దాని లక్ష్యాల జాబితా చదివితే బ్రాడ్‌కాస్ట్ పత్రంలా ఉండదు. సామాజిక చేరిక, రిమోట్‌తో ఇంటర్నెట్ లాంటి సేవలు, దూరవిద్య, దేశీయ పరిశ్రమ, కొత్త గొంతులకు చోటు, అన్నీ అందులో ఉన్నాయి. కంప్యూటర్ లేని ఇంట్లో కూడా టీవీ ఉంది కాబట్టి టీవీయే పేదవాడి కంప్యూటర్ అవుతుందన్నది అప్పటి ఆశ.

ఇరవైకి పైగా కన్సార్టియంలు, వెయ్యికి పైగా పరిశోధకులు పనిలోకి దిగారు. కంపీనాస్‌లోని సీపీక్యూడీ సంస్థ సమన్వయం చూసింది. టెలికాం ఇన్‌స్టిట్యూట్ ఇనాటెల్ వాళ్లు, పోర్టో అలెగ్రెలోని కాథలిక్ యూనివర్సిటీ వాళ్లు ఏకంగా సొంత మాడ్యులేషన్ డిజైన్లు తెచ్చారు. సాంకేతికంగా అవి తీసిపారేయాల్సినవి కావు. కానీ మాడ్యులేషన్ చిప్ సొంతంగా చేయించడమంటే మళ్లీ పాల్-ఎం కథే, అది కూడా ఈసారి సిలికాన్ ఖర్చుతో. ఆ దారి మూసుకుపోయింది. పరిశోధన డబ్బు మొత్తం వృథా అయిందా అంటే కాలేదు. మిడిల్‌వేర్ (బాక్సులో అప్లికేషన్లను నడిపే సాఫ్ట్‌వేర్), కోడింగ్, ట్రాన్స్‌మిటర్ల మీద పనిచేసినవాళ్లే తర్వాత స్టాండర్డ్ రాశారు. బేరానికి కూర్చున్నప్పుడు అవతలివాడు చెప్పే ప్రతి అంకెనూ లెక్కకట్టి ప్రశ్నించగల మనుషులు దేశంలో ఉన్నారు. ఆ బలం లేని దేశాలు ఎలా బేరమాడతాయో చూశాం.

బేరం

2005, 2006ల్లో అసలు పోటీ నడిచింది. ఇక్కడ ఐఎస్‌డీబీ-టీ లోపలి నిర్మాణం ఒకటి దగ్గరగా చూడాలి, ఎందుకంటే వ్యాపారమంతా దాని చుట్టూనే తిరిగింది.

6 మెగాహెర్ట్జ్‌ని పద్నాలుగు భాగాలు చేసి, పదమూడింటిని సెగ్మెంట్లుగా వాడతారు. ఒక్కోటి దాదాపు 429 కిలోహెర్ట్జ్. ఈ పదమూడింటినీ మూడు లేయర్ల దాకా విడదీసి, ఒక్కో లేయర్‌కి ఒక్కో మాడ్యులేషన్ పెట్టుకోవచ్చు. మామూలుగా పన్నెండు సెగ్మెంట్లను ఎక్కువ డేటా మోసే 64-క్యామ్ మాడ్యులేషన్, 3/4 రేటులో (నాలుగింట మూడు వంతులు అసలు డేటా) హెచ్‌డీకి ఇస్తే, గార్డ్ 1/8 దగ్గర సెకనుకు సుమారు 16.85 మెగాబిట్లు వస్తాయి. మధ్యలో ఉన్న ఒక్క సెగ్మెంట్‌ని డేటా తక్కువైనా బలంగా నిలబడే క్యూపీఎస్‌కే మాడ్యులేషన్‌లో ఉంచితే 416 కిలోబిట్లు. అదే వన్-సెగ్. చేతిలో ఫోన్, బస్సులో చిన్న తెర, ఆ ఒక్క సెగ్మెంట్ మాత్రమే పట్టుకుని బొమ్మ చూపిస్తాయి. ట్యూనర్ మొత్తం ఛానల్ చదవనక్కర్లేదు కాబట్టి బ్యాటరీ కూడా ఆదా.

బ్రాడ్‌కాస్టర్ దృష్టితో చూస్తే దీని అర్థం సూటిగా ఉంటుంది. నా ట్రాన్స్‌మిటర్, నా ఛానల్, నా ప్రకటనలు. హెచ్‌డీ ఇంటికి, మొబైల్ చేతికి, రెండూ నా నుంచే. టెలికాం కంపెనీ మధ్యలో లేదు. డీవీబీ వైపు మొబైల్ టీవీ అంటే అప్పట్లో డీవీబీ-హెచ్. దానికి మామూలుగా విడిగా నెట్‌వర్క్, విడిగా ఆపరేటర్ కావాలి, ఆ ఆపరేటర్ ఎక్కువగా ఫోన్ కంపెనీయే అవుతుంది. అందుకే టెలికాం కంపెనీలు డీవీబీ వైపు మొగ్గాయి, టీవీ కంపెనీలు గట్టిగా ఐఎస్‌డీబీ-టీ వెనక నిలబడ్డాయి. అప్పటి కమ్యూనికేషన్ల మంత్రి హీలియో కోస్టా రాజకీయాల్లోకి రాకముందు గ్లోబోలో జర్నలిస్టు. పైగా అది ఎన్నికల సంవత్సరం. ఆ సమయంలో బ్రాడ్‌కాస్టర్ల మాట ఎంత బరువు తూగిందో ఊహించడం కష్టం కాదు.

జపాన్ ఇచ్చిన హామీలు కూడా ఉన్నాయి. పేటెంట్ రాయల్టీ అడగం అన్నారు. టెక్నాలజీలో బ్రెజిల్ మార్పులకు చోటిస్తాం, మీరు కూడా స్టాండర్డ్‌లో భాగస్తులు అన్నారు. 2006 ఏప్రిల్‌లో టోక్యోలో ఒప్పంద పత్రం మీద సంతకాలయ్యాయి. సెమీకండక్టర్ ఫ్యాక్టరీ ఆశ కూడా దాని చుట్టూనే అల్లుకుంది. రాయల్టీ మాట నిలబడింది, మార్పుల మాట నిలబడింది, చిప్ ఫ్యాక్టరీ రాలేదు. ఇలాంటి బేరాల్లో ఏ హామీ స్టాండర్డ్ పత్రంలోకి ఎక్కుతుందో అది మిగులుతుంది. ప్రెస్ మీట్‌లో చెప్పింది అక్కడే ఉండిపోతుంది.

డిక్రీలో ఇంకో గెలుపు కూడా బ్రాడ్‌కాస్టర్లకు దక్కింది. అనలాగ్ నడుస్తుండగానే ప్రతి స్టేషన్‌కీ డిజిటల్ కోసం అదనంగా పూర్తి 6 మెగాహెర్ట్జ్ ఇచ్చారు. కావాలంటే అందులో నాలుగు మామూలు స్థాయి కార్యక్రమాలు పెట్టవచ్చు, అంటే కొత్తవాళ్లకు ఛానళ్లు ఇవ్వవచ్చు. పౌర సంఘాలు అడిగింది అదే. ప్రభుత్వ కార్యక్రమాలకు, విద్యకు, సంస్కృతికి, పౌరులకు నాలుగు పబ్లిక్ ఛానళ్లు డిక్రీలో చోటు సంపాదించాయి. వ్యాపార ఛానళ్లకు మాత్రం మల్టీప్రోగ్రామింగ్ (ఒకే ఛానల్లో పలు కార్యక్రమాలు) తలుపు 2009 నిబంధనల్లో మూసేశారు. డిక్రీ చెల్లదంటూ వేసిన కేసును సుప్రీం కోర్టు 2010లో కొట్టేసింది. 2003 డిక్రీ చెప్పిన "కొత్త గొంతులు" ఇలా నాలుగు ఛానళ్ల దగ్గర ఆగిపోయాయి.

మార్పులు, వాటి ధర

వీడియోను కుదించడానికి జపాన్ వాడుతున్న ఎంపెగ్-2ను బ్రెజిల్ వదిలేసి హెచ్.264కు వెళ్లింది. అదే నాణ్యతకు దాదాపు సగం బిట్లు చాలు. ఆ 16.85 మెగాబిట్లలో హెచ్‌డీ పెట్టాక కూడా ఇంకా చోటు మిగులుతుంది. ఆడియోకి హెచ్ఈ-ఏఏసీ, వన్-సెగ్‌కి జపాన్‌లో సెకనుకు 15 ఫ్రేములుంటే ఇక్కడ 30. జపాన్ బాక్సుల్లో ఉండే కాపీ రక్షణ కార్డు వద్దన్నారు. ఇంటరాక్టివ్ పని కోసం జింగా అనే సొంత మిడిల్‌వేర్. దాని వెనక రియోలోని కాథలిక్ యూనివర్సిటీ పీయూసీ నుంచి లూయిస్ ఫెర్నాండో గోమెస్ సొయారెస్, పరైబా ఫెడరల్ యూనివర్సిటీ నుంచి గీడో లెమోస్ బృందాలు ఉన్నాయి. జింగాలోని ఎన్‌సీఎల్ అనే భాష ఉన్న భాగాన్ని 2009లో అంతర్జాతీయ టెలికాం సంఘం ఐపీటీవీకి (ఇంటర్నెట్ పద్ధతిలో వచ్చే టీవీకి) సిఫార్సుగా తీసుకుంది. ఒక వర్ధమాన దేశపు యూనివర్సిటీ ల్యాబ్ నుంచి అలా పుట్టుకు రావడం చిన్న విషయం కాదు.

సాంకేతికంగా ఇవన్నీ సరైన నిర్ణయాలే. కానీ ఐఎస్‌డీబీ-టీ, దాని మీద హెచ్.264, దాని మీద జింగా, ఈ కలయిక అప్పటికి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 2007 డిసెంబరు 2న సావో పాలోలో ప్రసారం మొదలైనప్పుడు మార్కెట్‌లోకి వచ్చిన బాక్సులు మంత్రి చెప్పిన ధరకు రెట్టింపుకు మించి ఉన్నాయి. జింగా సిద్ధం కాలేదు కాబట్టి అవి జింగా లేకుండానే వచ్చాయి. కొన్నవాళ్లు పెద్ద తెర ఉన్నవాళ్లు, ఫుట్‌బాల్ హెచ్‌డీలో చూడాలనుకున్నవాళ్లు. 2003 డిక్రీ ఎవరి పేరు మీద మొదలైందో వాళ్ల ఇళ్లలో అనలాగ్ టీవీ అలాగే నడుస్తోంది.

ఇక్కడ బ్రెజిల్ చేసిన పని నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది. మార్కెట్ చిన్నది కాబట్టి మార్కెట్‌నే పెంచుదాం అనుకున్నారు. జపాన్‌తో కలిసి పొరుగు దేశాలకు ఇంజనీర్లను పంపారు, పరికరాలు ఇచ్చారు, ట్రైనింగ్ ఇచ్చారు. 2009లో పెరూ, అర్జెంటీనా, చిలీ, వెనిజులా ఒకదాని వెనక ఒకటి ఈ మార్పు చేసిన రూపాన్నే ఎంచుకున్నాయి. 2010లో ఈక్వెడార్, కోస్టారికా, పరాగ్వే, బొలీవియా. 2007లో డీవీబీ-టీ అని చెప్పిన ఉరుగ్వే కూడా 2010 చివరికి ఇటు మారింది. కొలంబియా మాత్రం డీవీబీ వైపే ఉండిపోయింది. ఒక ఖండంలో చాలా భాగం ఒకే రూపానికి వచ్చేసరికి చిప్ తయారీదారులకు లెక్క కుదిరింది, మనౌస్ టీవీల్లో ట్యూనర్ మామూలు పార్ట్ అయిపోయింది. పాల్-ఎం విషయంలో 1972లో చేయనిది ఇదే.

బాక్స్ ఎవరు కొన్నారు

డిక్రీ ప్రకారం 2016 జూన్‌కి అనలాగ్ ఆగిపోవాలి. 2013 వచ్చేసరికి అది కుదరదని తేలిపోయింది. కొత్త డిక్రీతో 2015 నుంచి 2018 దాకా ఊరూరా దశలవారీగా ఆపుదాం అన్నారు. అప్పటికి పరిస్థితిలో ఒక కొత్త ఆటగాడు వచ్చాడు: 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్. టీవీ ఖాళీ చేస్తే 4జీకి అదే బంగారం. 2014 సెప్టెంబరు వేలంలో ఆ బ్యాండ్ కొన్న టెలికాం కంపెనీల మీద ఇంకో షరతు పెట్టారు: బ్యాండ్ ఖాళీ చేయించే ఖర్చు, పేద ఇళ్లకు బాక్సుల ఖర్చు మీరే పెట్టాలి. దానికి దాదాపు 360 కోట్ల రియళ్లు పక్కన పెట్టించారు. ఆ డబ్బుతో ఒక సంస్థ ఏర్పడి, బోల్సా ఫమీలియా వంటి సంక్షేమ జాబితాల్లో ఉన్న కుటుంబాలకు బాక్స్, యాంటెన్నా, రిమోట్ కలిపి కిట్‌గా ఉచితంగా పంచింది. మొత్తం కోటికి పైగా కిట్లు వెళ్లాయి.

మొదట గోయాస్ రాష్ట్రంలోని రియో వెర్దే అనే ఊళ్లో ప్రయోగం పెట్టారు. 93 శాతం ఇళ్లకు డిజిటల్ అందితేనే అనలాగ్ ఆపాలని నియమం. 2015 నవంబరు గడువుకి ఆ శాతం రాలేదు, ఆపలేదు, 2016 మార్చి దాకా ఆగారు. గడువు తేదీ దాటినా ఇంటింటి లెక్క చూసుకున్నాకే స్విచ్ ఆపడం నాకు నచ్చిన పని. ఆ తర్వాత బ్రసీలియా, 2017 మార్చిలో సావో పాలో, అలా పెద్ద ఊళ్లు అయ్యాయి. చిన్న ఊళ్లలో అనలాగ్ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగింది.

గమనించాల్సింది ఏమిటంటే, 2006లో మొబైల్ టీవీ విషయంలో ఓడిపోయిన టెలికాం కంపెనీలే 2014లో పేదవాడి బాక్స్‌కి డబ్బు కట్టాయి. ఎవరూ ముందే ఇలా ప్లాన్ చేయలేదు, పరిస్థితి అలా కలిసొచ్చింది. ఇప్పుడు ఏ దేశానికైనా సలహా ఇవ్వాల్సి వస్తే దీన్ని ముందే ప్లాన్‌లో పెట్టమంటాను. ఖాళీ అయ్యే స్పెక్ట్రమ్ విలువ, కొనాల్సిన బాక్సుల ఖర్చు, రెండూ ఒకే కాగితం మీద మొదటి రోజే రాసుకోవాలి. మాడ్యులేషన్ పోలిక ఆ తర్వాత.

జింగా సంగతి వేరు. కిట్ బాక్సుల్లో అది వెళ్లింది, మనౌస్ టీవీల్లో తప్పనిసరి చేశారు. కానీ ఇంటరాక్టివ్ అంటే ఇంటి నుంచి వెనక్కి వెళ్లే దారి ఉండాలి. ఇంటర్నెట్ లేని ఇంటికి ఆ దారి లేదు, ఇంటర్నెట్ ఉన్న ఇంట్లో అప్పటికే చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది. బ్రాడ్‌కాస్టర్లు కూడా ప్రకటన మీద బటన్ కనిపించి ప్రేక్షకుడు పక్కకు వెళ్లిపోవడాన్ని ఇష్టపడలేదు. వన్-సెగ్ కూడా కొన్నాళ్లు వెలిగింది, తర్వాత మొబైల్ డేటా దాన్ని మింగేసింది. ఐఎస్‌డీబీ-టీ ఎంపికకు ఇరుసుగా నిలిచిన సదుపాయమే పదేళ్లలో పక్కకు పోయింది. అప్పటి బేరంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని టైమ్ ఇంటర్‌లీవింగ్ మాత్రం ఇప్పటికీ రోజూ కడ్డీల యాంటెన్నాలను కాపాడుతోంది.

వేరే దేశాల్లో ఇదే లెక్క

2006లో బ్రెజిల్ ముందు డీవీబీ-టీ తర్వాతి తరమైన డీవీబీ-టీ2 లేదు. అది 2009లో వచ్చింది. 8 మెగాహెర్ట్జ్‌లో బ్రిటన్ హెచ్‌డీకి దాదాపు 40 మెగాబిట్లు వాడుతోంది, టైమ్ ఇంటర్‌లీవింగ్ కూడా అందులో ఉంది. 2010 తర్వాత నిర్ణయం తీసుకున్న దేశం మెకెంజీ నివేదిక పట్టుకుని ఐఎస్‌డీబీ-టీ అంటే అది పాత పేపర్ చదివినట్టే. దక్షిణాఫ్రికా 2006లో డీవీబీ-టీ అంది, 2010లో ఐఎస్‌డీబీ-టీ వైపు చూసింది, 2011 మొదట్లో డీవీబీ-టీ2 దగ్గర ఆగింది. అయినా పని కదలలేదు. ప్రభుత్వం ఇచ్చే బాక్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఉండాలా వద్దా అన్న గొడవ రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది, 2015 జూన్ అంతర్జాతీయ గడువు దాటిపోయింది. స్టాండర్డ్ ఎంపిక సరిగ్గా ఉన్నా బాక్స్ దగ్గర ఇరుక్కున్న కేసు అది. బోట్స్వానా 2013లో ఐఎస్‌డీబీ-టీ తీసుకుంది. చుట్టూ ఉన్న దేశాలన్నీ డీవీబీ-టీ2, ఛానల్ వెడల్పు 8 మెగాహెర్ట్జ్. పొరుగు దేశం నుంచి తెచ్చుకున్న టీవీ అక్కడ పనిచేయదు. బ్రెజిల్ నేర్చుకున్న పాఠం పొరుగువాళ్లను వెంట తెచ్చుకోవడం. బోట్స్వానా ఆ సగం వదిలేసి మిగతాది తీసుకుంది.

మన దేశం కథ వేరే రకం. 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ 16 నగరాల్లో డీవీబీ-టీ2 మొదలుపెట్టింది. ఆ మొదటి జాబితాలో హైదరాబాద్ లేదు. ఉన్న నగరాల్లో కూడా సిగ్నల్ వచ్చింది, మంచి సిగ్నలే, కానీ దుకాణంలో టీ2 ట్యూనర్ ఉన్న టీవీ అడిగితే సేల్స్ కుర్రాడికి ఆ మాట తెలియదు. ఫోన్‌కి పెట్టుకునే డాంగిల్ ఉందని చెప్పారు, ఎంతమంది కొన్నారో చుట్టుపక్కల అడిగితే తెలుస్తుంది. అదే సమయంలో 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఫ్రీ డిష్ పల్లెల్లో తనంతట తాను పాకిపోయింది. కారణం ఒక్కటే: ఒకసారి డిష్, బాక్స్ కొంటే నెలనెలా కట్టేది లేదు, పెట్టేవాడు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాడు. 2021, 2022ల్లో కొద్ది సరిహద్దు, వ్యూహాత్మక ప్రాంతాలు మినహా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు ఆపేసినప్పుడు పెద్ద గొడవ రాకపోవడానికి కారణం కూడా అదే. అప్పటికే వాటిని చూసేవాళ్లు దాదాపు లేరు. బ్రెజిల్‌లో 93 శాతం కోసం ఎదురుచూశారు. ఇక్కడ ఆ లెక్క ఎవరికీ అవసరం రాలేదు.

బ్రెజిల్ ఇప్పుడు రెండో చక్రంలో ఉంది. తర్వాతి తరం టీవీ అయిన టీవీ 3.0 కోసం ఎస్‌బీటీవీడీ ఫోరం 2020లో ప్రపంచమంతా ప్రతిపాదనలు పిలిచి, మళ్లీ ల్యాబ్‌లోనూ వీధుల్లోనూ పరీక్షలు పెట్టింది. సిగ్నల్‌ని గాలిలో పంపే భౌతిక లేయర్‌గా ఏటీఎస్‌సీ 3.0ను సిఫార్సు చేసింది. 2025 ఆగస్టులో లూలాయే ఆ డిక్రీ మీద కూడా సంతకం పెట్టారు. 2000లో ఓడిన కుటుంబమే ఇది. కాకపోతే ఈసారి అదీ ఓఎఫ్‌డీఎం (సీఓఎఫ్‌డీఎంలాంటి వేల క్యారియర్ల పద్ధతి) మీద నడుస్తుంది, అప్పట్లో ఓడించిన పద్ధతినే సొంతం చేసుకుని వచ్చింది. ఎంఐఎంఓ (ఒకే ఛానల్లో రెండు సిగ్నళ్లు పంపే పద్ధతి) వాడాలంటే ఇంటి యాంటెన్నా కూడా మారాలి, నిలువు, అడ్డ రెండు పోలరైజేషన్లు పట్టుకునేది కావాలి. కిటికీ దగ్గరి కడ్డీలతో ఆ లాభం రాదు. ఈసారి అమ్మడానికి 700 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్ చేతిలో లేదు కాబట్టి, ఆ యాంటెన్నాకు, బాక్స్‌కు డబ్బు ఎక్కడి నుంచి అన్నది నేను గమనిస్తున్న విషయం.

మన దగ్గర కూడా అదే ఏటీఎస్‌సీ 3.0 ఆధారంగా ఫోన్‌కి నేరుగా ప్రసారం చేసే డీ2ఎం ప్రయోగాలు బెంగళూరు, ఢిల్లీల్లో జరిగాయి. ఐఐటీ కాన్పూర్, సాంఖ్య ల్యాబ్స్ దాని వెనక ఉన్నాయి. ఫోన్ కంపెనీలు, చిప్ కంపెనీలు అప్పుడే అభ్యంతరం చెప్పాయి, ఫోన్ ధర పెరుగుతుంది, డిజైన్ మార్చాలి అని. సిగ్నల్ ఎంత బాగా అందిందో చెప్పే టెస్ట్ రిపోర్ట్ నా టేబుల్ మీదకు వస్తే తప్పకుండా చదువుతాను. దానికన్నా ముందు, ఆ చిప్ ఉన్న పది వేల రూపాయల ఫోన్ ఎవరు, ఏ సంవత్సరం అమ్ముతారో రాసిన పేజీ ఉందేమో వెతుకుతాను.